పది తిప్పులు తక్కువ

చిన్నోడా,

మీ అన్న దీవెనలు. ఇక్కడ అందరం క్షేమమే. అంటే అమ్మకు మోకాళ్ల నొప్పి, మీ వదినకు నా మీద కోపం, నాకు వేళకు మించిన ఆకలి. ఇందులో ఏదీ కొత్తది కాదు కనుక క్షేమమనే రాయవచ్చు. నువ్వూ, మరదలూ, పాపా కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరం వచ్చి మూడు వారాలైంది. ఆలస్యానికి బద్ధకం కారణం కాదు. ఎనిమిదో తరగతిని మూడేళ్లు చదివినవాణ్ణి, ఒక కాగితం నింపడం నాకొక లెక్కా? ఇక్కడ కొట్లో ఒక సంగతి జరుగుతూ వచ్చింది. అది తేలేదాకా కలం పట్టకూడదనుకున్నాను.

అమ్మ మందులు వేసుకుంటోందా అని అడిగావు. వేసుకుంటోంది. నా చేత్తో ఇస్తే మాత్రం రెండుసార్లు వాసన చూసి వేసుకుంటోంది. ఎప్పుడో మాత్రల సీసాలో పిప్పరమెంట్లు పోసిన పాపం ఇరవై ఏళ్లయినా నన్ను వదలడం లేదు. మరదలి కుట్టుమిషను మోటారు చుట్టడం అయిపోయింది, దీనితోపాటు పార్సెల్లో వస్తుంది.

ఇక పంపు సంగతి. నీ పైలట్ బ్యాడ్జీ తిరిగి ఇవ్వాలంటే, ఆ రోజు పొరపాటు మళ్లీ జరగకుండా ఏం చేస్తావో రాసిమ్మని మన రేడియో బొమ్మ విమానాల క్లబ్బు సెక్రటరీ అడిగాడన్నావు. మనం టోపీ అని పిలుచుకునే ఆ సెక్రటరీకి కాగితాలంటే ప్రాణం, అడగకపోతేనే వింత. నమ్మకమైన ఇంధనం పంపు ఒకటి కొని ఆ మాటే రాసిస్తాను, ఏది కొనమంటావు అన్నా, అని అడిగావు. ఆరేళ్లయింది, ఒక్కసారి మళ్లీ విమానం ఎగరేయాలని ఉంది, పాపకు చూపించాలని ఉంది అన్నావు. ఆ వాక్యం దగ్గర కలం ఎంత నొక్కావో, కాగితం వెనక నుంచి తడిమితే వేలికి తగిలింది.

నాన్న పోయే ముందు ఆ విమానం గురించి ఏమైనా అన్నారా అని చివర అడిగావు. దానికి జవాబు ఈ ఉత్తరం చివరనే ఉంది. ముందుకు దూకి చదవకు.

నీ కోసం మూడు రకాల పంపులు తెప్పించాను. రబ్బరు బుడ్డిది ఒకటి. పిండితే ఇంధనం పోస్తుంది. నాలుగు రోజులు వాడితే ఉబ్బి, అలిగిన అల్లుడిలా మూతి బిగిస్తుంది. రెండోది బ్యాటరీది. స్విచ్చి ఒకవైపు నొక్కితే విమానం ట్యాంకులోకి ఎక్కిస్తుంది, మరోవైపు నొక్కితే తోడి డబ్బాలో పోస్తుంది. లోపల పళ్లు ప్లాస్టిక్కువి. మన ఇంధనంలో ఆముదం ఉంటుంది కదా, వాడాక కడగకపోతే జిగురు కట్టి పట్టేస్తుంది. మూడోది చేత్తో తిప్పేది. ఒళ్లు అల్యూమినియం, పళ్లు ఇత్తడి. నాన్న వాడింది ఇలాంటిదే, తిప్పుకు ఆరు మిల్లీలీటర్లు. నలభై తిప్పులకు ఆయన విమానం ట్యాంకు నిండేది, పన్నెండు నిమిషాలు ఎగిరేది.

పంపును మాటలు చూసి కొనకూడదు, కొలిచి కొనాలి. పాప పోయినసారి వదిలి వెళ్లిన పాలసీసా మీద 240 దాకా గీతలున్నాయి. ఆ గీత దాకా ఇంధనం పోసి, నాన్న దాచుకున్న విడి ట్యాంకులోకి పంపుతో ఎక్కించి, అదే పంపుతో మళ్లీ సీసాలోకి తోడాను. పోసిందంతా తిరిగి రావాలి. గొట్టాల్లో చెమ్చాడు మిగిలితే మిగలవచ్చు.

రబ్బరు బుడ్డికి 180 వచ్చింది. దొంగ సరుకు అనుకుని పక్కన పడేశాను. బ్యాటరీ పంపుకూ 180 వచ్చింది. అప్పుడు నా బుర్ర గోక్కున్నాను. చేతి పంపుకూ 180.

ట్యాంకు కారుతోందేమోనని కింద పాత పేపరు పరిచాను. ఒక్క చుక్క మరక లేదు. ట్యాంకు తీసేసి గాజు సీసాలోకి ఎక్కించాను. పాలసీసా మీద నమ్మకం పోయి మందుల షాపు నుంచి గీతల కొలజాడీ తెచ్చాను. మూతలు బిగించి చూశాను. పంపు మార్చినా, సీసా మార్చినా, కొలిచేది మార్చినా అరవై మిల్లీలీటర్లు ఎటో పోతున్నాయి. ఒక చుక్క ఎక్కువా కాదు, తక్కువా కాదు. ఇరవై ఏడేళ్లుగా మోటార్లు చుడుతున్నాను. చెడిపోయిన వస్తువు రోజుకో రకంగా చెడిపోతుంది, ఇంత పద్ధతిగా చెడిపోదు.

రెండో రోజు పొద్దున మీ వదిన ముక్కు మూసుకుంటూ కొట్లోకి వచ్చింది. "కొట్లో ఇంజను తిప్పొద్దని ఎన్నిసార్లు చెప్పాలండీ? ఇల్లంతా ఆముదం కాలిన కంపు."

"ఇంజనెక్కడుంది? నువ్వే చూడు."

"మీరు చూడమన్నవి నేను చూడను. కిందటిసారి చూడమంటే డబ్బాలోంచి కప్ప దూకింది."

కొట్లో నిజంగానే ఇంజను లేదు. వాసన మాత్రం ఉంది. డబ్బాలో ఉన్న ఇంధనం వాసన వేరు, ఇంజనులో కాలి బయటికొచ్చిన పొగ వాసన వేరు, నీకు తెలుసు. ఇది రెండోది. నాన్న మైదానం నుంచి వస్తే ఆయన చొక్కాకు ఉండేదే, అదే.

మూడో రోజు పదకొండు గంటలకు మోత మొదలైంది. రేకుల కప్పు మీద కందిరీగ తిరిగినట్టు వినిపించి, ఎత్తుకు వెళ్లి, మళ్లీ దగ్గరకొచ్చింది. వీధిలోకి వచ్చి చూశాను. ఎండ దంచుతోంది, ఆకాశంలో కాకి కూడా లేదు. ఎదురు షాపు టైలరు కూడా తలెత్తి చూసి, "ఏం బాబూ, ఇవాళ ఎవరి పని పట్టావు?" అన్నాడు. నేను కాదంటే నవ్వాడు. నేను కాదంటే నవ్వని మనిషి ఈ వీధిలో లేడు. అది నా సంపాదన.

మోత మలుపు తిరిగేటప్పుడు ఒకసారి దగ్గుతోంది చిన్నోడా. ఎడమకు తిప్పినప్పుడల్లా నాన్న విమానం ఇంజను దగ్గేది, గుర్తుందా? గడియారం చూశాను. తొమ్మిది నిమిషాలకు ఆ మోత ఆగిపోయింది. దూరమై పోలేదు, ఉన్నచోటే ఆగింది. మర్నాడు పదకొండింటికి మళ్లీ మొదలై తొమ్మిది నిమిషాలకు ఆగింది. ఆ మర్నాడూ అంతే.

ఐదో రోజు అమ్మ గుమ్మంలో కుర్చీ వేసుకుని బఠానీలు ఒలుస్తోంది. ఆమెకు మతి చక్కగా ఉంది, పాలవాడి లెక్క ఇప్పటికీ నోటితోనే చెబుతుంది. మోత వినగానే చేతిలో కాయ పక్కన పెట్టి, పైకి చూడకుండానే అడిగింది.

"ఇంకా దిగలేదా అది?"

"ఏదమ్మా?"

"మీ నాన్నది" అని, మళ్లీ కాయ తీసుకుంది.

జనాన్ని భయపెట్టడం నా వృత్తి కాకపోయినా వ్యసనం. టోపీ స్కూటరు పొగగొట్టంలో ఈల బిగించినవాణ్ణి, శవంలా పడుకుని వైద్యుణ్ణి పరిగెత్తించినవాణ్ణి. భయం ఎక్కడ కూర్చుంటుందో నాకిప్పటిదాకా తెలియదు. మోకాళ్ల వెనక కూర్చుంటుంది.

ఇక దాచి లాభం లేదు. అరవైని ఆరుతో భాగిస్తే ఎంతో ఎనిమిదో తరగతి మూడుసార్లు తప్పినవాడికీ తెలుసు. పది. మొదటి రోజే నాకు తెలుసు. తెలిసీ సీసాలు మార్చుకుంటూ కూర్చున్నాను.

ఆరేళ్ల క్రితం క్లబ్బు వార్షికోత్సవం రోజున నువ్వు రేడియో పెట్టె పట్టుకుని గీత దగ్గర నిలబడ్డావు. పంపు తిప్పింది నేను. తిప్పేవాడు పైకి లెక్కపెట్టాలి, పైలట్ ఆ లెక్క నమ్మి టైమరు పెట్టుకోవాలి. మన క్లబ్బులో అదే పద్ధతి, తిప్పేవాడి నోటి మాటను ఎవరూ సరిచూడరు. ముప్ఫై దాకా తిప్పాను. ముప్ఫై ఒకటి నుంచి నలభై దాకా నోటితో లెక్కపెట్టాను గాని చెయ్యి కదపలేదు. అవతల వరసలో కూర్చున్నవాళ్లకు కన్ను కొట్టాను. వాళ్లకు అర్థం కాలేదు, అయినా నవ్వారు.

అప్పుడు టోపీ మైకు పట్టుకుని, మన క్లబ్బు క్రమశిక్షణ గురించి ఊదరగొడుతున్నాడు. సరిగ్గా ఆ ఊపులో ఉండగా ఇంజను ఆగి విమానం బిక్కమొహంతో దిగితే ఆయన ముఖం చూడాలని నా సరదా. ఆగిన ఇంజనుతో దించడం నీకు వెన్నతో పెట్టిన విద్య కదా, నువ్వు దించేస్తావనుకున్నాను. తొమ్మిదో నిమిషానికి తోపు మీద గాలి లేస్తుందని నేను అనుకోలేదు. ఇంజను ఆగింది, గాలి దాన్ని తోపు మీదుగా ఎత్తుకుపోయింది. నాలుగు రోజులు నలభై మందిమి వెతికాం. రెక్క ముక్క కూడా దొరకలేదు. నాన్న రెండేళ్లు కూర్చుని చేసిన వస్తువు అది.

నలభై తిప్పులు పోసిన ఇంజను ఆగిందంటే పన్నెండు నిమిషాలు దాటే ఉంటాయి, పైలట్ టైమరు చూసుకోలేదు అని విచారణలో రాశారు. నీ మీద నీకే అనుమానం వచ్చింది, "మోగిందేమో, నేనే వినలేదేమో" అన్నావు. నీ పక్కనే నిలబడి ఉన్నాను. నోరు విప్పలేదు. రేపు చెబుదాం అనుకున్నాను. నీ బ్యాడ్జీ తీసేశారు. లిఫ్టు కంపెనీ ఉద్యోగం చూసుకుని నువ్వు ఊరొదిలి వెళ్లిపోయావు.

ఇప్పుడు నీ మూడో ప్రశ్న. నాన్న పోవడానికి పది రోజుల ముందు, ఆస్పత్రి మంచం మీద నన్ను అడిగారు, "పెద్దోడా, ఆ రోజు నలభై తిప్పావా?"

"నలభై లెక్కపెట్టాను నాన్నా" అన్నాను.

"అయితే తప్పు చిన్నోడి చేతిదే" అని గోడ వైపు తిరిగారు. ఆ విమానం గురించి ఆయన అన్న ఆఖరి మాట అదే. నువ్వడిగావు కనుక రాస్తున్నాను.

పోయిన బుధవారం చేతి పంపు, డబ్బా పట్టుకుని మైదానానికి వెళ్లాను. ఎవరూ లేరు. ఇంధనం నింపే బల్ల ఉండే చోట గడ్డిలో కూర్చున్నాను. పదకొండింటికి మోత వచ్చింది. గొట్టం కొస చేత్తో ఎత్తి ఖాళీ గాలిలో పట్టుకుని ముప్ఫై ఒకటి నుంచి మొదలుపెట్టాను. ఒక్కో అంకెకు ఒక్కో తిప్పు. గొట్టంలో ఇంధనం కదలడం కళ్లతో చూశాను. కొస నుంచి కింద పడాలి కదా. పడలేదు. గడ్డిని తడిమితే పొడిగా ఉంది, గొట్టం కొసకు వేలు పెడితే వేలూ పొడిగానే ఉంది. నలభై దగ్గర, ట్యాంకు నిండినప్పటిలా పిడి బిగిసింది.

గడియారం చూస్తూ కూర్చున్నాను. తొమ్మిది నిమిషాలు దాటాయి, మోత ఆగలేదు. పది. పదకొండు. నా మోకాలి మీదుగా రెక్కల నీడ ఒకటి జారుకుంటూ పోయింది. పైన ఏమీ లేదు. పన్నెండో నిమిషంలో మోత కిందికి దిగింది, ఎడమకు తిరుగుతూ ఒకసారి దగ్గింది. తరవాత గడ్డి మీద చక్రాలు దొర్లిన చప్పుడు. గడ్డి రెండు సన్నని గీతలుగా వంగుతూ వచ్చి, నా కాళ్లకు జానెడు దూరంలో నిలిచిపోయింది. సెగ తగిలింది. వంగిన గడ్డి నెమ్మదిగా లేచి నిలబడింది.

లేచి నేరుగా టోపీ ఇంటికి వెళ్లాను. ఆ మోత సంగతి చెప్పలేదు, పది తిప్పుల సంగతి మాత్రం చెప్పాను. "ఇదేం కొత్త వేషమయ్యా? నీ మాట నమ్మితే నాకంత వెధవ ఉండడు" అన్నాడు. రాసిస్తానంటే గాని లోపలికి రానివ్వలేదు. ఆదివారం మీటింగులో ఇరవై మంది ముందు ఆ కాగితం చదివాను. మొదట అందరూ నవ్వారు. చదవడం అయ్యాక కూడా, అసలు తమాషా ఎక్కడొస్తుందా అని నా ముఖం చూస్తూ కూర్చున్నారు. ఏమీ రాలేదు. ఒక్కొక్కరే నవ్వడం మానేశారు.

ఆ బుధవారం నుంచి ఏ పంపుతో కొలిచినా 240కి 240 వస్తోంది. మోత లేదు. నువ్వు చేతి పంపే వాడు, ఇత్తడి పళ్లది, వాడిన ప్రతిసారీ ఒట్టి గాలి తిప్పి ఆరబెట్టు. పార్సెల్లో పెట్టాను. దాని పెట్టెలోనే నీ బ్యాడ్జీ కూడా ఉంది. నువ్వు ఏమీ రాసివ్వక్కర్లేదు. వచ్చే నెల మొదటి ఆదివారం విమానం ఎగరేసే వంతు నీకు వేశారు. ఇక మీదట పంపు నేను ముట్టుకోకూడదని కూడా తీర్మానం రాశారు, సంతకం పెట్టాను.

ఆ రోజు రమ్మంటే వస్తాను, అవతల జనంలో నిలబడతాను. వద్దంటే కొట్టు తెరుచుకుని కూర్చుంటాను. నాకు ఉత్తరం రాయడం నీకు ఇష్టం లేకపోతే మీ వదినకు రాయి. నాన్నకు చెప్పడానికి నాలుగేళ్ల గడువు దొరికింది, చెప్పలేకపోయాను. కనుక నువ్వు ఎంత ఆలస్యం చేసినా అడిగే హక్కు నాకు లేదు.

పాపకు మాత్రం ఉన్నది ఉన్నట్టు చెప్పు. పెదనాన్న సరదాకు చేశాడని చెప్పకు. సరదా అన్న మాట చిన్నపిల్లలకు తొందరగా నచ్చుతుంది.

ఇట్లు,
అన్న అని పిలవాలో వద్దో నువ్వే తేల్చవలసిన
నీ పెద్దోడు