పాపను ఎత్తుకోనిది అందుకే

బాన్సువాడ

అనసూయ వదినకు నమస్కారాలు.

బిచ్కుందలో మన మనవరాలికి పేరు పెట్టిన రోజు మీరు పాపను నా ఒడిలో పెట్టబోతే వెనక్కి జరిగాను. మీ ముఖం చిన్నబోయింది. ఆడపిల్ల పుట్టిందని నేను అలిగానని మీరు బాధపడుతున్నట్టు కోడలు నిన్న చెప్పింది. కాదు వదినా. అప్పటికే నెలలుగా కుడి తుంటి పక్కన ఒకటే నొప్పి. ఆ వైపు తిరిగి పడుకోలేను, చాప మీద కూర్చుంటే ఆసరా లేకుండా లేవలేను. పాపను ఎక్కడ జారవిడుస్తానోనని భయపడ్డాను. కీలు అరిగిందంటారేమో, ఆపరేషన్ అంటారేమోనని ఎవరికీ చెప్పలేదు.

చివరికి మీ అన్నయ్య పట్టుబట్టి దవాఖానకు తీసుకెళ్లారు. డాక్టరమ్మ ఎక్స్‌రే ఫోటో తీయించి, తుంటి పక్కన నొక్కి చూసింది.

"ఎముకకేం కాలేదమ్మా. దాని మీద చిన్న నీటి సంచి ఉంటది, గా సంచి వాచింది. ఏండ్ల సంది గా పక్కనే బిందెలు మోస్తివి, ఒరుసుకున్నది. ఇగ ఆపరేషన్ ఫికర్ పెట్టుకోకు" అన్నది.

మాత్రలు వేసుకున్నాను, ఐసు పెట్టుకున్నాను, చెప్పిన వ్యాయామం రోజూ చేస్తున్నాను. ఇప్పుడు హాయిగా నిద్రపడుతోంది.

ఆదివారం వస్తున్నాం. నాకొక కుర్చీ వేసి పాపను ఇవ్వండి. సాయంత్రం దాకా మాత్రం తిరిగి అడగొద్దు.

మీ వదిన