ఖుర్షిదా మంచం వసారాలో వేయవద్దని మనవి

ప్రభుత్వ ఆసుపత్రి సూపరింటెండెంటు గారి సముఖమునకు, దాచేపల్లి మండల వాస్తవ్యుడు, మిరప కౌలురైతు షేక్ లాల్ అహ్మద్ వ్రాసుకొన్నది. మార్చి, 2003.

అయ్యా,

విషయం: కాలిన గాయాల వార్డులోని నా భార్య ఖుర్షిదాను వసారాలోకి మార్చు ఉత్తర్వు నిలుపుదల గురించి.

1. మిరప కల్లంలో కూలీలకు టీ కాచుచుండగా కిరోసిన్ పంపు స్టవ్ పేలి, నా భార్య కట్టుకున్న నైలాన్ చీర అంటుకొన్నది. పక్క కల్లం బుడాన్ పరుగున వచ్చి, చేతికందిన గోనెసంచి కప్పి మంట ఆర్పినాడు. అది మిరపకాయలు తొక్కి నింపి, ఖాళీ చేసిన సంచి. ఆ కారమంతా కాలిన ఒంటికి పట్టినది. బుడాన్‌ను నిందించుట నా ఉద్దేశం కాదు, అతని చేతులూ కాలినవి. మా కల్లాల్లో వేరే సంచి ఎక్కడ దొరుకుతుంది?

2. తమ డాక్టరు గారు సెలవిచ్చినదేమనగా, ఒళ్ళు ఎంత కాలిందనేది ఒక సంగతి, ఎంత త్వరగా తెచ్చారనేది ఒక సంగతి, ఇకమీదట చీము పట్టకుండా కాపాడుకోవడం అన్నిటికన్నా పెద్ద సంగతి అని. వయసులో ఉంది, బతకొచ్చు అన్నారు. ఆ ఒక్క మాట పట్టుకుని నేనిక్కడ ఉన్నాను.

3. ఆమె "కారం కడగండయ్యా" అని అరుస్తున్నందున తోటి రోగులు ఫిర్యాదు చేసిరి. వారిదీ న్యాయమే, వారూ కాలినవారే. అందుకని ఆమెను వసారాలో వేయమన్నారు. అక్కడ ఈగలు, దుమ్ము, ఎంగిలి క్యారియర్లు కడిగిన నీళ్ళు. చీము పట్టదా అయ్యా? డాక్టరు గారి మాట వసారాకు వర్తించదా?

4. అరవవద్దని నేనే బతిమాలాను. "మంట నాదయ్యా, నోరు కూడా నాదేగా" అంది. తర్వాత నా ముఖం చూసి, తువ్వాలు అంచు పళ్ళ మధ్య పెట్టమంది. పెట్టాను.

కావున దోమతెర కింద ఆమె మంచం ఉన్నచోటనే ఉండనిచ్చునట్లు ఆజ్ఞాపించి, ఈ కౌలువాని మొర చిత్తగించవలెను.

తమ విధేయుడు,
షేక్ లాల్ అహ్మద్

తా.క. అయ్యా, తమ గది బయట నిలబడి ఈ నాలుగు ముక్కలు కలుపుతున్నాను. పొద్దుటి నుంచి ఖుర్షిదా అరవడం లేదు. తువ్వాలు తీసేసినా అరవడం లేదు. ఫిర్యాదు చేసినవారే వచ్చి ఏమైందని అడుగుతున్నారు. నా మాట విని ఊరుకుందో, ఓపిక లేక ఊరుకుందో నాకు తెలియడం లేదు. మంచం ఎక్కడైనా వేయండి. ముందు డాక్టరు గారిని పంపండి. ఆమె మళ్ళీ అరిచేటట్టు చేయండయ్యా.