ఉదయగిరిలో ఏముండాది?

యూనివర్సిటీ హాస్టలు,
రూము నంబరు 43,
8-1-1980.

ఖలీలుల్లా మామూకు చాంద్ బాషా సలాములు.

నేను బాగున్నాను. నానీ మోకాళ్లు ఎలా ఉన్నాయో రాయి. ఇక అసలు సంగతికి వస్తాను.

వచ్చే నెల ఇరవై నాలుగున, ఆదివారం, మా యూనివర్సిటీలో పెద్ద ఉత్సవం. ఇక్కడ ఎక్కడెక్కడి వాళ్లు చదువుతున్నారో చెబితే నమ్మవు. నా పక్క గదిలో నాగాలాండ్ అబ్బాయి, ఎదురు గదిలో కెన్యా నుంచి వచ్చినవాళ్లు ఇద్దరు, మెస్సులో నా పక్కన కూర్చునేది మలయాళీ. ఎవరి ప్రాంతం వాళ్లు ఒక స్టాలు పెట్టి తమ వంట, తమ పాట, తమ చేతిపని అందరికీ చూపించాలి. నెల్లూరు జిల్లా స్టాలుకు ఆత్మకూరు రాజమోహన్ పెద్ద. నిన్న మీటింగులో ఉదయగిరికి సగం స్టాలు కావాలని నేను అడిగితే వాడు అందరి ముందూ, "ఉదయగిరిలో ఏముండాదిరా, రాళ్లు తప్ప?" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండిపోయింది. "మా ఊళ్లో లేనిదేందిరా?" అని నేనూ అరిచాను.

ఉత్సవం చూసుకునే సుబ్బరత్నమ్మ మేడం ఇద్దర్నీ కూర్చోబెట్టి, "పిల్లలు గొప్పలు చెప్పుకుంటారు. మీ ఊరి పెద్దమనిషి ఎవరైనా రాసి సంతకం పెడితే నమ్ముతాను" అన్నారు. నేను నీ పేరు ఇచ్చాను. ఆఫీసు నుంచి నీకు ఒక ఫారం వస్తుంది. మన దగ్గర ఏమేమి ఉన్నాయో అందులో నింపి పంపు. నా పరువు నీ చేతిలో ఉంది మామూ.

ఇట్లు,
నీ మేనల్లుడు
చాంద్ బాషా

తా.క.: ఉన్నదానికన్నా రెండు ముక్కలు ఎక్కువ రాసినా ఫరవాలేదు. తక్కువ మాత్రం రాయొద్దు.

*

ఉదయగిరి,
17-1-1980.

మా చాందూకు మామూ దువాలు చెప్పి రాసేది.

నీ ఉత్తరమూ అందింది, ఆ ఫారమూ అందింది. నువ్వు ఎం.ఏ. చదివితే చదివావు గానీ, సర్కారు కాగితం సంగతి నీకేం తెలుసురా? గోధుమరంగు కవరు, దానిమీద మూడు సింహాల స్టాంపు, లోపల గళ్లు. గళ్లు ఉన్న కాగితం ఏ ఆఫీసులో పుట్టినా చివరికి కలెక్టరు బల్లమీదకే పోతుంది. ఉత్సవమని నీకు చెప్పారు, నువ్వు నమ్మావు. పసివాడివి.

మూడేళ్ల కిందట గొడ్లూ మేకలూ రాసుకోవడానికి ఒకాయన వచ్చాడు, గుర్తుందా? అదే సమయానికి షంషుద్దీన్ ఇంట్లో పిల్లను చూడడానికి వచ్చినవాళ్లు కూర్చుని ఉన్నారు. ఉన్నవి ఆరు మేకలు. వాళ్లు వింటున్నారు కదా అని వీడు "ఇరవై ఉండాయి సార్" అన్నాడు. కరువులో గడ్డి పంచినప్పుడు, "ఇరవై మేకల ఆసామివి, నీకెందుకయ్యా గడ్డి?" అని వెనక్కి పంపేశారు. ఆ రోజే మన వీధి అంతా ఒక మాట అనుకున్నాం. సర్కారు కాగితంలో "ఉండాది" అన్న మాట రాయకూడదు. అందుకని అన్నిటికీ జాగ్రత్తగా జవాబులు రాసి పంపేశాను. కొన్ని చూడు:

మీ ప్రాంతపు ప్రత్యేక వంటకాలు? అందినప్పుడు సంకటి. అందనప్పుడు పక్కింటి వాసన.
మీ సంప్రదాయ దుస్తులు? ఒంటిమీద ఉన్నవే.
మీ సంగీత వాద్యాలు? మునెయ్య డప్పు ఒకటి. దానికీ చిల్లు.
మీ పండుగలు? పక్క ఊళ్లో జరిగితే చూసి వస్తాము.
మీ చేతివృత్తులు? కొయ్య చెంచాలు చెక్కుతాము. వాటితో తినడానికి ఏమీ లేదు.

చివరిది రాసి నాకే కళ్లనీళ్లు తిరిగాయి. ఇంత బాగా నేను ఎప్పుడూ రాయలేదు.

నీ మేలు కోరే
ఖలీలుల్లా

తా.క.: నా సంతకం కింద వీధిలో పంతొమ్మిది మంది వేలిముద్రలు వేశారు. మీ నానీ రెండు వేసింది. ఎందుకమ్మా అంటే, "రెండు మోకాళ్లూ నొప్పేగదా" అంది.

*

హాస్టలు,
24-1-1980.

మామూకు సలాములు.

నా కొంప ముంచావు మామూ.

నీ ఫారం మీటింగులో మైకు పెట్టి చదివారు. "దానికీ చిల్లు" దగ్గర కొందరు నవ్వబోయారు గానీ, చెంచాల దగ్గరకొచ్చేసరికి ముందు వరుసలో ఒకమ్మాయి కళ్లు తుడుచుకుంది. సుబ్బరత్నమ్మ మేడం కళ్లజోడు తీసి పక్కన పెట్టారు.

మరుసటి రోజు నుంచి మెస్సులో నా కంచంలో రెండు గుడ్లు పడుతున్నాయి. నాగాలాండ్ అబ్బాయి తన దుప్పటి తెచ్చి నా మంచంమీద పెట్టి వెళ్లిపోయాడు. కెన్యా వాళ్లు నాకు ధైర్యం చెప్పారు. వీళ్లందరికన్నా రాజమోహన్‌ను భరించలేకపోతున్నాను. వాడు ఒక టెరిలిన్ చొక్కా ఇస్త్రీ చేయించి తెచ్చి, "తెలవక అనేసినానురా చాందూ, మనసులో పెట్టుకోబాకరా" అని నా చేతులు పట్టుకున్నాడు. వాడు వెక్కిరించినప్పుడే నయంగా ఉండేది.

ఇప్పుడు స్టాలు లేదు. దానికి బదులు ఒక బల్ల వేసి, "ఉదయగిరిని ఆదుకుందాం" అని బ్యానరు కట్టి, పాత బట్టలూ బియ్యమూ పోగుచేస్తున్నారు. లారీలో పంపుతారట. మా ఊళ్లో అన్నీ ఉన్నాయండీ అని నేను ఎంత మొత్తుకున్నా మేడం నా తల నిమిరి, "అభిమానం గల పిల్లాడు, ఆకలని కూడా చెప్పుకోడు" అంటున్నారు. మామూ, మన ఊరి నుంచి ఇంత దూరం వచ్చి చదువుతున్నది నేనొక్కణ్ణి. నన్ను చూసి జాలిపడతారా వీళ్లు? నిజం రాసి ఇంకో ఫారం పంపు. నీ కాళ్లు పట్టుకుంటాను.

నీ
చాంద్ బాషా

తా.క.: గుడ్లు మాత్రం తింటున్నాను.

*

ఉదయగిరి,
30-1-1980.

చాందూకు మామూ దువాలు.

నీ ఉత్తరం వీధి అరుగుమీద పెద్దగా చదివాను. అదీ నా బుద్ధి తక్కువ పని. "పాత బట్టలు" అన్న మాట వినగానే మీ నానీ సుగ్రాబీ బేగం గారు మంచం దిగింది. "పాతగుడ్డలా? మనకా? ఎవుడురా ఆ కాగితం రాసింది? కొండెక్కి కొయ్య కొట్టుకొచ్చి, పగలంతా కూచుని చెక్కి, నలుగురి నోటికి చెంచా అందించే వాళ్లమిరా మనం! నా మనవడు పరాయోళ్ల చొక్కా తొడుక్కోవాల్నా?" అని అరిచింది. ఆ కాగితం రాసిన వాడు తలుపు చాటున నిలబడి ఉన్నాడని ఆమెకు తెలుసు.

అంతటితో అయిందా? మునెయ్య వచ్చాడు. "నా డప్పుకు చిల్లుండాదని రాసినావంట? యాడుండాదో చూపించు" అని మన వాకిట్లో కూర్చుని పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా వాయించాడు. చిల్లు లేదని ఒప్పుకుని టీ తాగించి పంపాను.

ఆ సాయంత్రమే వీధి అంతా కూర్చుని రెండో ఫారం రాశాం. ఎవరికి వాళ్లు మాది రాయి, మాది రాయి అని నా మీద పడ్డారు. చెంచాలు, గరిటెలు, ఫోర్కులు కలిపి ముప్పై ఒక్క రకాలు రాశాను. చెంచమ్మ జొన్నరొట్టె, చింతకాయ తొక్కు రాయించింది. బీబమ్మ బిర్యానీ రాయించి, "మా ఇంట్లో చేసేదే అని రాయి, పక్కింట్లోది గాదు" అంది. పండుగల గడి చాలక వెనక పేజీ కూడా నింపాను. పీర్ల పండక్కి మునెయ్య డప్పు, వినాయకుడి బండికి మన షంషుద్దీన్ ఎద్దులు, క్రిస్మసుకు వరప్రసాదం మాస్టారింట్లో మీ నానీ వండే సేమియా. రాస్తూ ఉంటే నాకే ఆశ్చర్యమేసింది. ఇన్నాళ్లూ ఇదంతా ఉన్నదని లెక్కలోకే రాలేదురా నాకు.

ఫారం రిజిస్టరు పోస్టులో పంపాను. ఆ లారీ మాత్రం మన ఊళ్లోకి రావడానికి వీల్లేదని మేడం గారికి గట్టిగా చెప్పు.

ఖలీలుల్లా

తా.క.: నృత్యాలు నాలుగు రకాలని రాశాను. మూడు నిజం. గడిలో నాలుగు గీతలున్నాయి, ఒకటి ఖాళీగా వదిలితే బాగుండదని.

*

హాస్టలు,
7-2-1980.

మామూకు సలాములు.

రెండో ఫారం చేరింది. మేడం రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని ఒక గంటసేపు చూశారు. అదే సంతకం, అవే వేలిముద్రలు, నానీవి రెండు. "చాంద్ బాషా, రెండు వారాల కిందట సంకటి వాసనకు కూడా గతిలేని వీధిలో ఇప్పుడు బిర్యానీ ఎలా వచ్చింది?" అని అడిగారు.

ఇక అసలు చిక్కు విను. మొదటి ఫారం చదివిన రోజే మేడం మనసు ఆగక, దాన్ని ఒక ఉత్తరంతో సహా మన కలెక్టరు గారికి పంపారట. ఆ వీధి వాళ్లకు ఏదైనా చేయండి అని. ఒక బోరింగు వేసే ఆలోచనలో ఉన్నామని అక్కడి నుంచి జవాబు కూడా వచ్చింది. మేడం ఎంత నిజాయితీ గల మనిషంటే, రెండోదీ పంపేశారు. విచారించి ఏది నిజమో చెప్పమని రాశారు. రెండోదే నిజమని తేలితే నాకు స్టాలు ఇస్తారు. తేలకపోతే ఆ బ్యానరు అలాగే ఉంటుంది.

మొదట నాకు సంతోషమేసింది. రాత్రి పడుకున్నాక ఆలోచించాను. అన్నీ ఉన్నాయంటే బోరింగు రాదు. ఏమీ లేవంటే స్టాలు రాదు. నానీ ఎంత దూరం నుంచి నీళ్లు మోసుకొస్తుందో నాకు తెలియదా? ఆఫీసరు వస్తే మొదటి కాగితమే నిజమని చెప్పు మామూ. బ్యానరు కింద నేను కూర్చుంటాను. నాలుగు రోజులు తల వంచుకుంటే పోతుంది.

నీ
చాంద్ బాషా

తా.క.: రాజమోహన్ తెచ్చిన ఆత్మకూరు ఫారంలో రెండే లైన్లు ఉన్నాయి. "మాకు అన్నీ ఉన్నాయి. వచ్చి చూసుకోండి."

*

ఉదయగిరి,
16-2-1980.

మా చాందూకు మామూ దువాలు. నిలబడి చదువుతుంటే కూర్చో.

మొన్న మధ్యాహ్నం జీపు వచ్చింది. డిప్యూటీ తాసిల్దారు దిగాడు. చేతిలో మన రెండు ఫారాలు, రెంటికీ కలిపి ఒకటే గుండుసూది. అరుగుమీద కూర్చుని మొదటిది పైకి చదివాడు. తర్వాత రెండోది చదివాడు.

"ఈ రెండూ రాసింది నువ్వేనా?" అన్నాడు.

"నేనే సార్."

"ఏది నిజం?"

చాందూ, నీ ఉత్తరం జేబులోనే ఉంది. నువ్వు చెప్పినట్టే చెబుదామని నోరు తెరిచాను. బావి నుంచి మీ నానీ బిందె చంకనేసుకుని, ప్రతి ఇంటి ముందూ ఒకసారి ఆగుతూ వస్తోంది. ఆమెను చూస్తే మొదటిదే నిజమనాలి. కానీ నువ్వు ఆ బ్యానరు కింద తల వంచుకుని కూర్చున్నట్టు నా కళ్లకు కట్టింది. నిన్ను అందుకా చదివించింది?

"రెండోదే నిజం సార్. మాకు అన్నీ ఉండాయి" అన్నాను. బోరింగు పోయిందని షంషుద్దీన్ తల పట్టుకున్నాడు. వీధంతా నన్ను చూసిన చూపు నేను బతికినన్నాళ్లూ మర్చిపోను.

ఆఫీసరు మళ్లీ కాగితాల్లోకి చూశాడు. "మరి ఇదేంది?" అని ఒక గడి మీద వేలు పెట్టాడు.

నీకు నేను రాయని సంగతి ఒకటుంది. నదులు, చెరువులు, మంచినీటి వసతి అని ఒక గడి ఉంది. రెండో ఫారంలో అక్కడ కూడా గొప్పగా రాయబోతే, మీ నానీ నా చెయ్యి పట్టుకుంది. "డప్పు గురించి నీ ఇష్టమొచ్చినట్టు రాసుకో. నీళ్ల కాడ అబద్ధం రాయబాక. మోసేది నేను" అంది. దానితో మొదటి ఫారంలో లాగే అక్కడ "లేదు" అని ఒక్క ముక్క రాసి వదిలేశాను.

ఆఫీసరు నవ్వాడు. "చూడు సాయిబూ, ఈ తాలూకాలో మూడు వందల అర్జీలు చూసినాను. అందరూ అన్నీ లేవనే రాస్తారు. అందులో ఏ లేదు నిజమైన లేదో నేనెట్టా కనుక్కునేది? నీ రెండు కాగితాల్లో ఒక్క లేదు కూడా కలవలా, ఈ ఒక్క గడి తప్ప. ఇన్ని ఉండాయని రాసుకున్నోడు ఒక్కటి లేదన్నాడంటే, అది నిజంగా లేనట్టే" అని అక్కడికక్కడే సంతకం పెట్టాడు. బోరింగు మనకే. రెండో ఫారం నిజమని మీ మేడంకు కూడా ఆయనే రాస్తున్నాడు. స్టాలు నీదే.

నేను ఏడ్చానురా చాందూ. దాచుకోవడం ఎందుకు? నలభై ఎనిమిదేళ్లకు సర్కారు మనిషి ముందు "ఉండాది" అనడం ఇదే మొదలు. అన్నాక గుండె ఎంత తేలికైందో చెప్పలేను. ఇరవై రెండో తేదీ బస్సుకు నేనూ మునెయ్యా బయలుదేరుతున్నాం. ముప్పై ఒక్క రకాలూ గోతంలో కట్టాను. స్టాలులో నేలమీద కూర్చుని అందరి ముందూ చెక్కుతాను. ఉదయగిరిలో ఏముందో అడగమను వాళ్లను.

నీ మామూ
ఖలీలుల్లా

తా.క.: బోరింగు ఎక్కడ వెయ్యాలని ఆఫీసరు అడిగితే వీధిలో ఇరవై మంది ఇరవై చోట్లు చూపించారు. తేల్చుకుని ఫారం నింపి పంపండి అని ఆయన వెళ్లిపోయాడు. ఫారం ఇంకా రాలేదు. మీ నానీ మాత్రం మన గడప ముందు ఖాళీ బిందె పెట్టుకుని పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంది. రెండు రోజులైంది, అన్నం కూడా అక్కడికే తెప్పించుకుంటోంది.