మోకాలి చిప్ప

1907 ఆగస్టు 3, శనివారం. లెస్కాలియే ఊరు, మారిషస్ దీవి.
భజన మధ్యలో మోకాలు పట్టేసింది. దీపస్తంభం చుట్టూ కూర్చుని లేచే అడుగు వేస్తూ లేవలేకపోయాను. అందరూ చూశారు. నా బావమరిది ఎంకన్న నా చేతిలో తాళాలు లాక్కుని పాట అందుకున్నాడు. దొంగ వెధవ! ఎన్నాళ్లుగానో కాచుక్కూర్చున్నాడు. ఈ భజనకి గురువుని నేను. బతికుండగా ఆ ముందడుగు వాడికి ఇవ్వను.

ఆగస్టు 5
తలా ఒక మాట. అమ్మోరి మొక్కు మరిచావు మావా, అంది మా ఆవిడ కనకమ్మ. పక్కింటి నర్సమ్మ చలిగాలి అంది. మా బావకి వయసైపోయింది అన్నాడట ఎంకన్న. వాడి నోరు పడిపోను! మెట్టు దిగితే చిప్ప కింద గరగరమంటోంది, ఎక్కితే పొడుస్తోంది, గొంతుకూర్చుంటే ప్రాణం పోతోంది. పగలంతా చెరకు మోపు నెత్తిన పెట్టుకుని బండెక్కి దిగేది నేను. శనివారమైతే గెంతేది నేను. మధ్యలో అమ్మోరిని ఎందుకు ఆడిపోసుకోవడం?

ఆగస్టు 7
డాక్టర్ దొర రేపు వస్తాడు. కూలీల మేస్త్రీ, అదే సర్దారు, చెప్తేనే చూస్తాడు. కట్టు కట్టించుకుంటే శనివారానికి లేచి నిలబడతాను.
సర్దారు సూరన్న దగ్గరికి పోయాను. తెలుగువాడే, ఇక్కడే పుట్టాడు. దేవుడి పాటలు తప్ప తెలుగు ముక్క రాదు, సిగ్గూ లేదు. ఏం కావాలని ఈ దీవి భాష క్రియోల్‌లో అడిగాడు. వాడితో క్రియోల్ మాట్లాడతానా? మోకాలు బాగోలేదు, పంపించు, అన్నాను. మళ్లీ అడిగాడు. మోకాలురా మోకాలు, అని గుమ్మంలోంచే అరిచి వచ్చేశాను. తల ఊపాడు.

ఆగస్టు 9
నన్ను మోకా అనే ఊరికి పంపిస్తున్నారు!
నిన్న డాక్టర్ దొర దగ్గరికి పిలుపే రాలేదు. మోకా పంపమని నేనే అడిగానట. అక్కడ మా తోట దొర తమ్ముడి ఎస్టేట్‌కి మనుషులు కావాలట, మేనేజర్ వెంటనే సంతకం పెట్టేశాడట. రేపే బండి. కుంటుకుంటూ పోయి సూరన్నని కడిగేశాను. మోకా అన్నావు కదా తాతా, అన్నాడు. నన్ను తాతా అంటాడా! మేనేజర్ మాట మార్చడట.
కనకమ్మ మూట కడుతూ ఏడ్చింది, తిట్టింది. మోకాలిని క్రియోల్‌లో జెను అని ఒక్క ముక్క అంటే నీ సొమ్మేం పోయేది మావా, అంది. అవతల ఎంకన్న అప్పుడే గజ్జెలు కట్టుకుని చూసుకుంటున్నాడు.

సెప్టెంబరు 21. మోకా.
ఈ ఎస్టేట్‌లో నాకూ కనకమ్మకీ తప్ప తెలుగు ఎవరికీ రాదు. భజన లేదు. కూర్చుని గోనె సంచులు కుట్టే పని.
మోకాలు నొప్పి పూర్తిగా పోయింది. దాని మొహం మండ.