మాస్టారి కుడిచేయి

చిరంజీవి చంటోడికి,

అమ్మ దీవించి రాస్తున్నది. ఇక్కడ నేనూ నా కుట్టుమిషనూ బాగానే ఉన్నాం. జైల్లో నీ ఒళ్లూ, దానికంటే ముందు నీ నోరూ క్షేమమని తలుస్తాను.

అన్నం వరసలో ముందుకు తోసుకొచ్చాడని ఎవడివో రెండు పళ్లు రాలగొట్టానని గొప్పగా రాశావు. వాడి మనుషులు తంతే నీ పక్కటెముక చిట్లిన సంగతి ఆఖర్లో సన్నగా రాశావు. నీ కోపం తగలెయ్య! అది ఎవరి పోలికో తెలుసు కాబట్టి తిట్టలేకపోతున్నాను.

"నీ తల పగలగొట్టిన ఆ వయొలిన్ మాస్టారి గుమ్మం ఎందుకు తొక్కుతున్నావు?" అని అడిగావు. వచ్చే నెల విడుదల కాగానే వాడి రెండో చెయ్యి కూడా విరుస్తానని ఒట్టు పెట్టుకున్నావు. ఆ మాట చదివాక నాకు ముద్ద దిగడం లేదు.

నువ్వు ఇస్త్రీపెట్టెతో మూడు దెబ్బలు వేసిన ఆ కుడిచేతి వేళ్లు ఇప్పటికీ ముడుచుకోవు. వయొలిన్ వాయించే కమాను కాదు కదా, చెంచా కూడా పట్టలేడు. తలలో ఉన్న పాటలు కాగితం మీద పెట్టే మనిషి కావాలని గుమ్మానికి చీటీ అంటిస్తే, చూసి వెళ్లాను. నన్ను చూడగానే ఎడంచేత్తో సిరాబుడ్డి విసిరాడు. అది నా చెవి పక్కనుంచి పోయి గోడకు తగిలి పగిలింది. గాజుముక్కలు ఏరి పారేసి, పీట లాక్కుని కూర్చున్నాను. తిట్టి తిట్టి అలిసిపోయి, గీతలు తిన్నగా గీయగలవా అన్నాడు. ముప్పై ఏళ్లుగా బట్ట మీద సుద్దతో గీస్తున్నదాన్ని అడిగే మాటేనా అది?

ఐదు గీతలు గీసి, వాటి మీదా మధ్యా గుండ్రాలు పెట్టాలి. పైకి పోయేకొద్దీ స్వరం హెచ్చుతుంది. ఉత్త గుండ్రం నాలుగు అంకెలు లెక్కపెట్టేంతసేపు నిలుస్తుంది. కాడ తగిలిస్తే రెండు, కడుపు నల్లగా నింపితే ఒకటి. మొదట్లో వేసే మెలికల గుర్తుకే నాకు వారం పట్టింది. నోరు మూసుకుని ఆగాల్సిన చోటుకూ ఒక గుర్తుంది. పుట్టగానే అది మనిద్దరి నొసటా వేసి ఉంటే బాగుండేది.

పొడుగు కాడంటే పొడుగు స్వరమనుకుని, టేపు పెట్టి కొలిచి మూడు పేజీలు గీశాను. మాస్టారు ఆ కాగితాలు పళ్లతో కరిచి పట్టుకుని పరపరా చించాడు. కొలిచి కొలిచి నా కోటు చంక బిగించావు, ఇప్పుడు నా పాటకూ చంక బిగిస్తావా అన్నాడు. నాకు ఒళ్లు మండి, చెయ్యి కత్తెర కోసం వెతికింది. దాన్ని ఇంట్లో పెట్టి వెళ్తున్నాను కాబట్టి ఆయన బతికాడు.

నుదుటి మచ్చ నొప్పి పెడుతోందా అని ప్రతి ఉత్తరంలోనూ అడుగుతావు. ఇక దాచను. కచేరీలో చెయ్యెత్తగానే చంక చిరిగిందని, ఆ రోజు ఆయన ఆ కోటు తెచ్చి నా మొహాన కొట్టాడు. అంతే చేశాడు. షాపులో మరెవరూ లేరు. కత్తెర పట్టుకుని మీదికి ఉరికింది నేను. ఆయన పక్కకు తప్పుకున్నాడు. నేను బోర్లా పడి, మిషను బల్ల అంచుకు నుదురు పగిలింది. నువ్వొచ్చేసరికి మొహమంతా రక్తం.

"ఎవరు కొట్టారమ్మా?" అన్నావు.

"మాస్టారు" అన్నాను.

నా అంతట నేనే పడ్డానని చెప్పుకోవడానికి నామోషీ అనిపించింది. నువ్వు కాలే ఇస్త్రీపెట్టె అందుకుని, వీధిలోకి వెళ్లిపోయిన ఆయన వెనక పరిగెత్తావు. ఆపగలిగేదాన్నే, ఆపలేదు. ఆయన కేకలు వీధి చివరికి వినబడుతుంటే నాకు హాయిగా అనిపించింది, కన్నా. కోర్టులో, నేను కొట్టలేదు మొర్రో అని ఆయన ఏడుస్తుంటే తల వంచుకుని నిలబడ్డాను. రెండేళ్లుగా నా అబద్ధానికి నువ్వు తన్నులు తింటున్నావు.

ఆయన జోలికి పోకు. ఎవరి చెయ్యైనా విరవందే నీకు నిద్ర పట్టదంటే, నేరుగా ఇంటికి రా, నాది విరువు. ఎడమది మాత్రమే. కుడిచేత్తో మాస్టారి పాట ఇంకా సగం రాయాలి.

ఇట్లు,
ఇది చదివాక కూడా నువ్వు అలా పిలిస్తే,
అమ్మ