సుతిలి కట్టిన బొగ్గు మూట

మహబూబాబాద్ (మన మానుకోట),
12-7-2025, శనివారం.

పాలకుర్తిల పెద్దమనిషైన సుభాష్‌కు, కనకయ్య సేటు దుకాణంల ఇంక గాలి ఫిల్టర్లల్ల బొగ్గు మార్చుకుంట, దులుపుకుంటనే ఉన్న తుల్సీరాం నమస్కారాలు. మీ అమ్మ యాకమ్మవ్వకు నా దండాలు చెప్పు. మేమంత బాగనే ఉన్నం. నువ్వు బాగున్నవా అని అడిగేదేముంది, అందరి ఫోన్లల్ల కనబడుతనే ఉన్నవ్.

ఫోన్ చేయొచ్చు కదా అంటవేమో. చేస్తే ముందుగాల తిట్టుకుంటం, ఎవడో ఒకడు పెట్టేస్తడు, అసలు ముచ్చట నడుమనే ఆగుతది. పోయినసారి గట్లనే అయింది. అందుకే కాయితం. మా దుకాణం మధన్న బండి మీద మీ దిక్కు వస్తున్నడు, నువ్వు చదివేదాక నీ ముందలనే నిలబడుమన్న.

మొదలు పని ముచ్చట. పోయిన నెల మా దుకాణం వెనుక నుంచి తీస్కపోయి డ్రమ్ముల నానబెట్టిన పాత ఫిల్టర్ బొగ్గు మట్టిల కలపకు. సోమవారం బడి పెరట్ల, పిల్లల పగటి బువ్వకు పెంచే పాలకూర మడికి వేస్తవట, వేయకు. అది భూపాలపల్లిల బండ్లకు రంగు కొట్టే షెడ్డు ఫిల్టర్లది.

నీకు నమ్మబుద్ధి కాదు. నువ్వు మాతోని పనిచేసినప్పుడు షెడ్డు మూటలకు ఇనుప తీగ, ఆఫీసులయి ఇండ్లయి అయితే సుతిలి తాడు. నువ్వు సుతిలి చూసే ఎత్తుకున్నవ్. కని నువ్వు పోయినంక తీగ అయిపోయింది. కొత్తది తెమ్మంటే బొగ్గుకు నగలు చేపిస్తవారా అన్నడు సేటు. అప్పటిసంది అన్నిటికి సుతిలే. గోడ దిక్కు మంచియి, రేకుల కింద షెడ్డుయి, అంతే తేడా. నేను లేని టైం చూసి వచ్చినవ్ కద, ఉంటే చెప్పెటోన్ని. నిన్న షెడ్డు మూటలను విషపు చెత్త కంపెనీకి తీస్కపోయే లారీ వస్తే ఒకటి తక్కువ పడ్డది. అడిగితే, సుభాష్ రేకుల కింద నుంచి ఒకటి పట్టుకపోయిండని సేటే చెప్పిండు.

అనుమానముంటే దోసెడు బొగ్గు గింజలు రేకు మీద ఎండబెట్టు. వేడికి థిన్నర్ వాసన లేస్తది. లేవకున్నా నమ్మకు. గాలిల రంగు విషమంత పట్టి పెట్టుకునుడే దాని పని. అండ్లకెల్లి పాలకూరలకు ఎంత పోతదో నాకు తెల్వది. తెల్వనిది పిల్లల కంచాలల్ల పెట్టి చూడొద్దు. యాకమ్మవ్వను ఆ డ్రమ్ముల చెయ్యి పెట్టనియ్యకు. ఆ నీళ్లు ఏ చెట్టుకూ పోయకు. మూత బిగించి వాపస్ తే, మళ్ల వచ్చే లారీకి ఎక్కిద్దం.

పని ముచ్చట అయింది. ఇగ నా కడుపుమంట చదువు.

పాత బొగ్గు పారేసుడెందుకు, మట్టిల వేద్దామని మొదలన్నది ఎవడు? నేను. పది ఫెయిలై, ఫోన్ల చూసుకుంట ఒక్కొక్క ముక్క నేర్చుకున్నోన్ని. ఉత్త బొగ్గు వేస్తే నా మిరపచెట్లు పసుపు తిరిగి చచ్చినయ్. అది మట్టిల సత్తువంత గుంజుకుంటదని అప్పుడు తెల్వది. దుకాణమంత నవ్వింది. అందరికన్న ఎక్కువ నవ్వింది నువ్వు. చెట్ల దినాలు ఎప్పుడురా, బువ్వకు పిలుస్తవా అన్నవ్. ఆ నోటితోనే ఇంటికి పోయి మీ అమ్మకు చెప్పినవ్. ఆమె పేడనీళ్లల్ల, ఆవు మూత్రంల నానబెట్టి వేసింది. నీకు టమాటలు కాసినయ్. నాకు ఎండుపుల్లలు మిగిలినయ్.

జనగామ రైతుల మీటింగుల నీకు శాలువా కప్పిండ్రు. మా అమ్మ లచ్చి ఆ వీడియో పట్టుకొని తండాల ఇల్లిల్లు తిరుగుతంది. మా తుల్సీ దోస్తు, ఎంత మంచిగ మాట్లాడిండో చూడుండ్రి అంటది. నా దిక్కు తిరిగి, నీకు నోట్లె నాలిక లేదారా అంటది. కన్నతల్లి! ఆ మైకుల నా పేరు ఒక్కసారన్న చెప్పినవా? బొగ్గు ఆలోచన తుల్సీరాందని ఒక్క ముక్క? దుకాణంకొచ్చిన ప్రతోనికి ఇదే చెప్పుకుంట తిరుగుతున్న.

నువ్వు తీసింది ఏ మూటనో తెల్సినంక నాకు సంబురమైంది. పాలకూర మాడిపోయి, సార్లు తిట్టి, ఆ శాలువా గుంజుకుంటే చూద్దామనిపించింది. చాయ్ తాగినంత సేపు ఆ సంబురంలనే ఉన్న. తర్వాత పిల్లలు యాదికొచ్చిండ్రు. వాళ్లకెవ్వరు శాలువా కప్పలే కద.

మా పెరట్ల నాది ఒక డ్రమ్ము నానుతంది. బ్యాంకు ఫిల్టర్ల బొగ్గు, మంచిది, నా చేతుల మీద తీసింది. ఈసారి మిరప వేసి నవ్వినోళ్లకు చూపిద్దామని పెట్టుకున్న. సోమవారంకు అది తీస్కపో. నేను తేను. నువ్వే వచ్చి, నోరు తెరిచి అడిగి తీస్కపో.

నీ మీద కోపం ఇంక పోని,
తుల్సీరాం.

మళ్ల: మధన్న బండి స్టార్ట్ చేసిండు, ఆపి రాస్తున్న. నా పేరు చెప్పలేదని రాసిన కద, అది అబద్ధం. మా అమ్మ చూపించేది చిన్న ముక్క. మొత్తం వీడియో నేను చూసిన, మస్తుసార్లు చూసిన. మైకు పట్టంగనే, ఇది నా తెలివి కాదు, మానుకోటల తుల్సీరాం అని నాకొక దోస్తున్నడు, ఆ తెలివి ఆనిదని చెప్పినవ్. నువ్వు చెప్పకుంటే బాగుండు, తిట్టుకుంట హాయిగ బతికెటోన్ని. చెప్పకపోయి ఉంటే ఈ కాయితం రాసెటోన్నో లేదో నాకే తెల్వది.