వీరన్న చరణం

ఆదోని, 1986, శనివారం

మా భజన బృందం కొత్త క్యాసెట్‌లో ఒక పాట రెండో చరణం దగ్గర గొంతులన్నీ ఆగిపోయి, తాళాలు, నా హార్మోనియం మాత్రమే వినిపిస్తాయి. ఏళ్ల తరబడి ఆ చరణం వీరన్న ఒక్కడే పాడేవాడు. ఆయన పోయి ఏడాదైనా, రికార్డింగు రోజు అలవాటు కొద్దీ మేమంతా నోరు మూసుకుని దాన్ని ఆయనకే వదిలేశాం. ఆ సంగతి ఒక్కడికీ తట్టలేదు, దరిద్రం!

పొద్దున బజారులో టీ కొట్టు మాబు నన్ను నిలేశాడు. "ఏమప్పా, మీ టేపు ఖరాబైంది. నడుమ పాటే లేదే!" పక్కనున్న ముసలాయన మాత్రం, "ఉండనీలేప్పా, ఆడికొస్తే నాకు ఒళ్లు జలదరిస్తాంది" అన్నాడు.

మధ్యాహ్నం ఎమ్మిగనూరు పోయి వీరన్న భార్యకు వినిపించాను. అంతా విని వదిన కళ్లు తుడుచుకుంది. "బాగా పాడినాడప్పా. ఆ దమ్ము రోగం మాత్రం ఇంకా తగ్గలేదు సూడు."

ఆమెకు మతి చెడిందనుకున్నాను. ఇంటికొచ్చి మళ్లీ పెట్టుకుని విన్నాను. చరణం సగంలో, ఆయన ఆయాసంతో ఊపిరి కోసం ఆగే చోట, నా హార్మోనియం కూడా ఆగింది. ఆ రోజు నేనక్కడ ఆగిన గుర్తు లేదు. కాసేపటికి, ఆయన అందుకున్నట్టే, మళ్లీ కదిలింది.